పాలపిట్ట ఎక్కడుందో ఎవరికి చెప్పాలి?

రెండేళ్ళ కింద దసరా పండుగనాడు మేము సికింద్రాబాద్‌లో ఉన్నాం. మేము అంటే కాగజ్‌నగర్ వైపు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే నలుగురు ఆదివాసీ టీచర్లం. పని మీద ముందురోజు భాగ్యనగర్ రైల్లో వచ్చి, పని కాక, ఆ రాత్రి ఒక బంధువు ఇంట్లోనే ఉండిపోయాం. పొద్దున్నే స్టేషన్‌కు నడుస్తుంటే ఒక గుడి ముందు జనం గుమిగూడి కనిపించారు. మధ్యలో ఒకతను చిన్న పంజరం పట్టుకుని కూర్చున్నాడు. అందులో పాలపిట్ట ఉంది. వచ్చినవాళ్ళు పిట్టకు దండం పెట్టి, పదో ఇరవయ్యో అతని చేతిలో పెట్టి పోతున్నారు.

దసరానాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని తెలంగాణ అంతటా ఉన్న నమ్మకమే. పల్లెల్లో అయితే సాయంత్రం ఊరు దాటి చేన్లలోకి పోయి, కరెంటు తీగ మీదనో తాటిమోడు మీదనో కూర్చున్న పిట్టను చూసి, జమ్మి ఆకు తెచ్చుకుని ఇంటికి వస్తారు. మనిషి పిట్ట దగ్గరికి పోతాడు. పట్నంలో పిట్టనే మనిషి దగ్గరికి తెచ్చారు. దగ్గరికి పోయి చూస్తే దాని కాళ్ళకు దారం కట్టి ఉంది. రెక్కల ఈకలు ఎగరకుండా జిగురుతో అంటించి ఉన్నాయి. పాలపిట్ట కూర్చున్నప్పుడు సగం మట్టిరంగు పిట్టే కదా, రెక్క విప్పితేనే ఆ నీలమంతా బయటపడేది. రెక్క విప్పలేని పాలపిట్టలో వాళ్ళు ఏం చూసి దండం పెట్టారో మాకు అర్థం కాలేదు.

పంజరం పట్టుకున్న మనిషి మాలాంటివాడే. ఏ తెగో అడగలేదు గానీ అడవి అంచు పల్లె మనిషని చూస్తేనే తెలుస్తుంది. మమ్మల్నీ అతను గుర్తుపట్టాడు. మాటల్లో మా ఊరు చెప్పగానే గొంతు తగ్గించి అడిగాడు. "సార్, మీ దిక్కు పాలపిట్టలు మస్తుగుంటయి గదా. ఏడ గూడు పెడ్తయో జెర చెప్పున్రి. వచ్చే ఏడు నేనే వస్త."

"మాకు తెల్వదన్నా" అన్నాం. అబద్ధం. మా బడి వెనక చేనులో తల ఊడిన తాటిచెట్టు ఉంది. దాని తొర్రలో ఏటా ఎండాకాలం పాలపిట్ట పిల్లల్ని చేస్తుందని మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాసే పని లేదు. ఆ చలికాలంలోనే పట్నం నుంచి ఇద్దరు యువకులు మా బడికి వచ్చారు. మెడలో దుర్భిణి, చేతిలో పెద్ద కెమెరా, సంచిలో పక్షుల పుస్తకం. మంచి పిల్లలు. మాతో కూర్చుని చాయ్ తాగారు, పిల్లలకు దుర్భిణి ఇచ్చి చూపించారు. పోయేముందు వాళ్ళూ అదే అడిగారు. "సార్, ఇక్కడ గుడ్లగూబలు, గద్దలు ఎక్కడ గూళ్ళు పెడతాయి? రాబందులు ఏ గుట్ట మీద కూర్చుంటాయి?" వాళ్ళకు సగం చెప్పాం, సగం దాచాం. ఆ రాత్రి నుంచి మా నలుగురిలో వాదం మొదలైంది. పట్టేవాడికి చెప్పకపోవడం సరే. కాపాడేవాడికి కూడా చెప్పకపోతే ఎట్లా అని ఇద్దరు. కాపాడుతామని వచ్చినవాళ్ళ వల్లనే మన ఊళ్ళు లేచిపోయాయి కదా అని ఇద్దరు. ఈ వాదాన్ని మన యువకుల ముందు, తోటి టీచర్ల ముందు పెట్టాలని అనుకున్నాం.

మొదట వాళ్ళు ఎందుకు అడుగుతారో తెలుసుకోవాలి. పక్షులకు ముఖ్యమైన తావులను గుర్తించే పని ప్రపంచమంతటా జరుగుతోంది. బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దీన్ని నడిపిస్తుంది. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు చేస్తున్నారు. వాళ్ళు 2004లో దేశం మొత్తం మీద 466 తావులతో ఒక పెద్ద పుస్తకం వేశారు, 2016లో వేసినదానిలో అవి 554 అయ్యాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి కొల్లేరు, పులికాట్, నేలపట్టు, తేలినీలాపురం, రోళ్ళపాడు, శ్రీలంకమల్లేశ్వర, మంజీర, నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఒక చోటును ముఖ్యం అనడానికి కొన్ని కొలతలు పెట్టుకున్నారు. ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి అక్కడ ఉండాలి. లేదా చాలా చిన్న ప్రాంతంలోనే బతికే పక్షి ఉండాలి. లేదా ఒక జాతి పక్షుల్లో నూటికి ఒక వంతో, వేలకొద్దీ నీటిపక్షులో ఒకేచోట చేరాలి. ఆ జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన చట్టం రక్షణ రాదు. కానీ రేపు అక్కడ డ్యామో గనో రోడ్డో వస్తే, ఇది ఉత్త బీడు కాదు అని చెప్పడానికి ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం విలువ ఎంతో కలివికోడి కథ చెబుతుంది. ఈ కథను మా పిల్లలకు చాలాసార్లు చెప్పాం. కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగే, సన్నకాళ్ళ, పెద్దకళ్ళ పిట్ట అది. ప్రపంచం మొత్తం మీద మన తూర్పు కనుమల దగ్గర, పెన్నా గోదావరి పరీవాహక ప్రాంతాల్లోనే దాన్ని చూసిన దాఖలాలు ఉన్నాయి. 1848లో థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టర్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు కాబట్టి పుస్తకాల్లో దానికి ఆయన పేరే ఉంది. జెర్డన్ నెల్లూరులో సర్జన్‌గా ఉన్నప్పుడు అక్కడి జంతువుల గురించి, పిట్టల గురించి యానాదులను అడిగి తెలుసుకున్నాడు. ఆయన పుస్తకాల్లో పిట్టల తెలుగు పేర్లు కూడా ఉంటాయి. ఆ పేర్లు చెప్పిన నోళ్ళు ఎవరివో పుస్తకంలో ఉండవు. ఇది నిష్ఠూరం కోసం రాయడం లేదు. పక్షిశాస్త్రం మొదటి పేజీ నుంచే మనవాళ్ళు అందులో ఉన్నారని మన పిల్లలకు చెప్పడానికి రాస్తున్నాం.

1900 తర్వాత కలివికోడి ఎవరికీ కనబడలేదు. ఇక లేదు, పోయింది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్ళీ దొరికింది. సొసైటీ నుంచి వచ్చిన పరిశోధకుడు ఊరూరా బొమ్మ చూపించి అడుగుతూ తిరిగితే, చివరికి దాన్ని పట్టుకున్నది ఒక స్థానిక వేటగాడు, రాత్రిపూట. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ ఆ ఒక్క పిట్ట వల్ల లంకమల అడవి అభయారణ్యం అయ్యింది. ఆ తర్వాత 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల మీదికి వచ్చినప్పుడు పరిశోధకులు అడ్డుచెప్పారు. విషయం సుప్రీంకోర్టు వేసిన కమిటీ దాకా పోయి, కాలువ దారి మార్చారు. ఆ వేటగాడు తెలియదని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆ పొదల్లోకి యంత్రాలు వచ్చేవి. ఏం పోయిందో ఎవరికీ తెలియకుండానే పోయేది. చెప్పాలి అనే మా ఇద్దరి బలం ఈ కథే.

ఇంకో విషయం కూడా ఉంది. ఆ పిట్టను వెతకడానికి వాళ్ళు చివరికి ఏం చేశారో తెలుసా? పొదల మధ్య దారుల్లో మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద అడుగుజాడలు చదివారు. మన తాతలు చేసిన పనే. ఆ జాడలు, కెమెరాలు, పిట్ట కూతలు అన్నీ కలిపి చూస్తే తేలింది ఏమిటంటే, కలివికోడికి పొదలు మరీ పల్చగా ఉన్నా పనికిరావు, మరీ చిక్కగా అల్లుకుపోయినా పనికిరావు. మేకలు కొంచెం మేసి, మనుషులు కొంచెం కట్టెలు కొట్టుకునే చోట పొదలు దానికి సరిపోయినట్టు ఉంటాయి. మేతా నరుకుడూ మితిమీరితే చెడుతుంది, పూర్తిగా ఆగిపోయినా చెడవచ్చు. అంటే ఆ పిట్ట ఇంటిని తెలియకుండానే సర్దిపెడుతున్నది మేకలకాపరి.

ఈ మాట ఎంత ముఖ్యమో రోళ్ళపాడుకు పోతే తెలుస్తుంది. కర్నూలు వైపు ఆ గడ్డిబీళ్ళలో బట్టమేక పిట్టలు ఉండేవి. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, నేల మీద నడిచే పెద్ద పిట్ట. వాటి కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. గడ్డికి కంచె వేసి మేత ఆపారు. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేన్ల మీద పడ్డాయి. పంట పోయిన రైతుకు కోపం ఎవరి మీద వస్తుంది? పిట్ట మీదే వచ్చింది. బట్టమేక పిట్ట కంచె లోపలే ఉండేది కాదు. బయట వేరుశనగ చేన్లలో, బీళ్ళలో కూడా తిరిగేది. ఆ చేన్ల మనుషులు దాన్ని పరాయిదిగా చూడటం మొదలుపెట్టారు. తర్వాత ఆ చేన్లూ మారిపోయాయి, బీళ్ళు పోయాయి. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కనబడటం లేదు. తావును సరిగ్గానే గుర్తించారు, పేరూ పెట్టారు, కంచే కట్టారు. చుట్టూ ఉన్న మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. చెప్పొద్దు అనే మా ఇద్దరి బలం ఈ కథ.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పరిస్థితి వేరు. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. వాటి రెట్ట కంపు, పిల్లల అరుపులు రాత్రీ పగలూ ఉంటాయి. అయినా ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు అంటారు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని భయపడతారు. అక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. దాచడానికి వీలూ లేదు, ఊరి నడిమధ్యనే కదా. అక్కడ పక్షులను ముందు కాపాడింది ఊరు. అభయారణ్యాల సిబ్బంది, జాబితాలు ఆ తర్వాత వచ్చాయి. ఆ ఊరివాళ్ళ మాట అక్కడ చెల్లుతుంది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాం. మా జిల్లాలో పెంచికల్‌పేట అడవిలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో అక్కడి రాతిగోడ మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెడుతున్నాయని అటవీశాఖ వాళ్ళు గుర్తించారు. తెలంగాణలో రాబందులే లేవనుకున్న కాలం అది. మా ఆదివాసీ యువకులనే కొందరిని కాపలాకు పెట్టుకున్నారు. మంచి పని. కానీ రాబందుకు గుట్ట ఒక్కటే తావా? అది రోజూ ఎన్నో కోసులు తిరిగి చచ్చిన పశువును వెతుక్కుంటుంది. మన దేశంలో రాబందులు ఎందుకు పోయాయో 2004లో తేలింది. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూదిమందు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజుల్లో చస్తుంది. కొన్ని రకాల రాబందుల్లో నూటికి తొంభైకి పైగా అట్లా పోయాయి. పశువులకు ఆ మందు వాడకూడదని 2006లో ప్రభుత్వం ఆపింది. మెలాక్సికామ్ లాంటి మందు రాబందులకు ప్రమాదం కాదని కూడా తెలిసింది. అయితే మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు తెచ్చి పశువులకు వేయడం ఆగలేదు. 2015లో ఆ పెద్ద సీసాలను కూడా ఆపవలసి వచ్చింది.

అంటే రాబందు తావు గుట్ట చుట్టూ గీసే గీతలో పట్టదు. అది మా పశువుల కొట్టంలో ఉంది, సూది వేసే మనిషి సంచిలో ఉంది, చచ్చిన ఎద్దును మేము పాతిపెడతామా ఊరి బయట వదులుతామా అన్నదానిలో ఉంది. అడవిలోంచి మమ్మల్ని లేపితే మా పశువులూ పోతాయి. అప్పుడు ఆ గుట్ట మీద రాబందు ఏం తింటుందని అడిగితే మాకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

2025 మే నెలాఖరులో మా జిల్లాలో దాదాపు లక్షన్నర హెక్టార్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. కవ్వాల నుంచి మహారాష్ట్ర తడోబా వైపు పులులు తిరిగే దారి కోసం అన్నారు. మా ఊళ్ళు భగ్గుమన్నాయి. బందులు జరిగాయి. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదల చేసింది. పులి వద్దని మా ఊళ్ళలో ఎవరూ అనలేదు. మమ్మల్ని అడగకుండా మా పేరున, అదీ భీం పేరున, గీత గీశారన్నదే బాధ. జల్ జంగల్ జమీన్ అని నిజాం మీద కొట్లాడి 1940లో చనిపోయిన మనిషి పేరు అది.

ఇన్ని చూశాక మా నలుగురిలో తేడా కొంత తగ్గింది. మొదట్లో మేము అడిగే మనిషి మంచివాడా చెడ్డవాడా అని చూశాం. అది సరైన ప్రశ్న కాదని ఇప్పుడు అనిపిస్తోంది. సికింద్రాబాద్‌లో పంజరం పట్టుకున్నవాడు చెడ్డవాడని మేము అనలేం. ఆకలిగొన్నవాడు. పోలీసులో అటవీశాఖో వస్తే పట్టుబడేది అతనే, దండం పెట్టి డబ్బులిచ్చినవాళ్ళ పేరు ఎవరూ అడగరు. కెమెరాతో వచ్చిన పిల్లలు మంచివాళ్ళే, కానీ వాళ్ళు రాసుకుపోయిన కాగితం రేపు ఎవరి బల్ల మీదికి పోతుందో వాళ్ళకూ తెలియదు. అందుకే ఇప్పుడు మేము వేరే మాట అడుగుతున్నాం. మనం చెప్పిన తర్వాత ఆ చోటు గురించి మన మాట ఇంకా చెల్లుతుందా? పంజరం మనిషికి చెబితే చెల్లదు. తేలినీలాపురంలో చెల్లుతోంది. రోళ్ళపాడులో చెల్లలేదు. అధికారి అయినా, పరిశోధకుడు అయినా, మనవాడే అయినా అడగవలసింది ఇదే.

దీనికి ఎదురుమాట కూడా మాలోనే వచ్చింది. పిట్ట మన సొత్తు కాదు కదా, మన హక్కు తేలేదాకా దాని ప్రాణాన్ని దాచిపెట్టి బేరమాడటం న్యాయమా అని మాలో పెద్దవాడు అడిగాడు. గట్టి మాటే. కాలువ తవ్వే యంత్రం గ్రామసభ తీర్మానం కోసం ఆగదు. అట్లాంటప్పుడు వెంటనే చెప్పాల్సిందే, తర్వాత ఏదైతే అది అవుతుంది. కానీ అన్ని రోజులూ అట్లాంటి రోజులు కావు. దాచడం తప్పని మాకు నీతి చెప్పేవాళ్ళు ఒకటి గమనించాలి. పక్షుల లెక్కలు నమోదుచేసే ఈ-బర్డ్‌లో కూడా వేటగాళ్ళ భయం ఉన్న పక్షుల చోటును అందరికీ కనబడనీయరు. దాచాల్సినవి ఉంటాయని వాళ్ళకూ తెలుసు. ఎవరు దాచాలి, ఎవరు తెరవాలి అన్నదే మిగిలింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ పనిని గ్రామసభకు ఇచ్చింది. సామూహిక అటవీ వనరును కాపాడుకునే హక్కు మూడో సెక్షన్‌లో ఉంది. అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం ఐదో సెక్షన్‌లో ఉంది. వన్యప్రాణుల తావు పేరుతో మనుషులను కదిలించాలంటే గ్రామసభ విషయమంతా తెలిసి ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. ఈ మూడూ మన చదువుకున్న పిల్లలకు నోటికి రావాలి. పోడు పట్టాల కోసం మనం ఆ చట్టాన్ని ఎంత చదివామో, ఈ భాగాన్ని అంత చదవలేదు. తప్పు మాదీ ఉంది.

మా తప్పులు ఇంకా ఉన్నాయి, దాచి లాభం లేదు. మన పిల్లల మెడలో గులేరు ఉంటుంది. చెరువు గట్టు మీద కొంగను కొట్టినవాడిని మేమే భుజం తట్టిన రోజులున్నాయి. మడుగుల్లో మందు కలిపి చేపలు పట్టడం మన ఊళ్ళలోకీ వచ్చింది. ఆ నీళ్ళు తాగిన పిట్టల లెక్క ఎవరు రాశారు? గుస్సాడీ కిరీటంలో నెమలి ఈకలు పెద్దలు ఏరి దాచి తరాలుగా వాడుకున్నవి. ఇప్పుడు కొత్త కిరీటానికి ఈకలు ఎక్కడివని అడిగితే కొందరు మాట మారుస్తారు. మనం ఆదివాసులం కాబట్టి పుట్టుకతోనే అడవిని కాపాడేవాళ్ళం అని సభల్లో చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. కొన్ని కట్టుబాట్లు మనల్ని కాపాడేవాళ్ళను చేశాయి. కట్టుబాటు సడలిన చోట మనమూ అందరిలాంటివాళ్ళమే.

ఇక్కడ బడి పని వస్తుంది. మన పాఠ్యపుస్తకంలో పెంగ్విన్, ఆస్ట్రిచ్ బొమ్మలున్నాయి. ఉండనీ. కానీ ఒకరోజు మా ఐదో తరగతి పిల్లలను మీకు తెలిసిన పిట్టల పేర్లు మన భాషలో చెప్పండి అంటే బోర్డు నిండిపోయింది. తెలుగులో వాటికి ఏమంటారో మాకే తెలియని పేర్లు ఉన్నాయి. దేశంలో పాలపిట్ట తగ్గిపోతోందని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, చేన్లలో పురుగులు తినే పిట్ట, మోడుచెట్టు తొర్ర దాని ఇల్లు. ముఖ్యమైన తావుల జాబితాలో అట్లాంటి మోడుచెట్టు ఎప్పటికీ ఎక్కదు. దాన్ని లెక్కలో పెట్టాల్సింది ఊరే.

అందుకని పిల్లలతో ఒక రిజిస్టర్ మొదలుపెట్టాం. పెద్ద సైజు, రెండు వందల పేజీలు, అట్టకు గోధుమరంగు కాగితం. పిట్ట పేరు మన భాషలో, ఏ చెట్టు, ఏ నెలలో గూడు, ఎవరు చూశారు. ఏడాదికి ఒకసారి గ్రామసభలో పిల్లలే చదివి వినిపిస్తారు. బయటివాళ్ళు ఎవరైనా చూడాలంటే గ్రామసభను అడగాలి. మొదటిసారి చదివినప్పుడు బడి వెనక తాటిమోడు వచ్చింది. ఆ చేను ఆసామి ఆ మోడును కట్టెలకు అమ్మేద్దామనుకుంటున్నాడట. పిల్ల చదవడం ఆపి అతని వైపు చూసింది. "ఏంది బిడ్డా అట్ల చూస్తవు, ఉండనియ్" అన్నాడు. అందరూ నవ్వారు.

మొన్న వేసవి సెలవుల ముందు రిజిస్టర్ తిరగేస్తే మధ్యలో ఒక పేజీ ఖాళీగా కనిపించింది. పైన గుడ్లగూబ అని మాత్రమే రాసి ఉంది. ఏ చెట్టో, ఏ నెలో లేదు. దీపావళి ముందు గుడ్లగూబల కోసం వచ్చి డబ్బు ఆశ చూపేవాళ్ళ గురించి పిల్లలకు ఎవరు చెప్పారో మాకు తెలియదు. ఇదెందుకు రాయలేదని అడిగితే, ఏడో తరగతి పిల్లవాడు తల వంచుకుని "మాకు తెల్వది సార్" అన్నాడు. మేము ఇంకేం అడగలేదు. పేజీ తిప్పేశాం.